నల్ల చుక్కలు, ఆకుపచ్చ వెలుగు

చలిజ్వరం మన ఊళ్ళకి కొత్త కాదు. వానలు పడితే ఇంటికొకరు దుప్పటి కప్పుకుని వణుకుతారు. రక్తంలో దూరిన మలేరియా క్రిమి వల్ల అది వస్తుందని చదువుకున్నాం. మరి కంటికి కనపడనిదాన్ని ఎలా కనిపెడతారు? దానికి ఏదో ఒక గుర్తు కావాలి.

దోమలో ఆ గుర్తు దొరికింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు ఒక దోమ కడుపుని కోసి మైక్రోస్కోపులో చూశాడు. అది హుస్సేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమ. ఒక్కో దోమ కాటుకి అతనికి ఒక అణా ఇచ్చారట! దోమ కడుపు గోడ మీద గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి చుక్కలు కనపడ్డాయి. అలాంటి చుక్కలు రోగుల రక్తంలో కూడా ఉంటాయని రాస్‌కి ముందే తెలుసు. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతకీ ఆ చుక్కలేమిటి? క్రిమి మన ఎర్ర రక్తకణంలోని హిమోగ్లోబిన్‌ని తింటుంది. అందులో మిగిలే హీమ్ అనే ఇనుము పదార్థం క్రిమికే విషం. అందుకే దాన్ని నల్లటి గట్టి పలుకులుగా మార్చి పక్కన పెట్టేస్తుంది.

కానీ కొన్ని అణువులు ఏ చుక్కా మిగల్చవు. హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటి చురుకైన అణువులు మన కణాల్లోనూ పుడతాయి. కొంచెం ఉంటే పరవాలేదు, ఎక్కువైతే కణం పాడైపోతుంది. వాటిని చూడటానికి మెరిసే రంగులు వాడతారు. డీసీఎఫ్ అనే రంగు మొదట మెరవదు. బతికున్న కణంలోకి వెళ్ళి, ఈ అణువులు తగిలాక మారిపోతుంది. అప్పుడు నీలి కాంతి వేస్తే ఆకుపచ్చగా మెరుస్తుంది. ఒక కాంతిని తీసుకుని ఇంకో కాంతిని ఇవ్వడమన్నమాట. ట్యూబులైటు లోపలి తెల్ల పూత చేసేదీ ఇదే పని. అయితే ఎక్కువసేపు కాంతి వేసినా ఈ రంగు మెరుస్తుంది. అందుకని పక్కన మామూలు కణాలు పెట్టి పోల్చి చూస్తారు.

దీంతో మనకేం పని అంటారా? ఉంది. వైవాక్స్ మలేరియా కాలేయంలో దాక్కుంటుంది. దానికి 14 రోజులు ప్రైమాక్విన్ మాత్రలు ఇస్తారు. ఆ మాత్ర వల్ల రక్తకణంలో చురుకైన అణువులు పెరుగుతాయి. వాటిని తట్టుకోవడానికి జీ6పీడీ అనే ఎంజైము ఉండాలి. కొందరికి పుట్టుకతోనే అది తక్కువ. మలేరియా ఎక్కువున్న చోట్ల ఇలాంటివాళ్ళు ఎక్కువ. వాళ్ళ రక్తకణాలు పగిలిపోతాయి, మూత్రం డికాషన్ లాగా నల్లబడుతుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు.

దీనికీ మెరుపు పరీక్షే ఉంది. రక్తపు చుక్కని ఒక మందుతో కలిపి, కాగితం మీద వేసి, అతినీలలోహిత దీపం కింద పెడతారు. మెరిస్తే ఎంజైము ఉన్నట్టు. మెరవకపోతే తక్కువున్నట్టు.

కాబట్టి ఆ మాత్రలు ఇచ్చేటప్పుడు "ఈ పరీక్ష చేశారా?" అని అడుగుదాం. బాగుందంటే మధ్యలో మానకుండా 14 రోజులూ వేసుకోవాలి. మూత్రం నల్లబడితే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. మా అమ్మానాయనలకి చదువు రాదు. అందుకే సెలవులకి పోయినప్పుడు నేనే చెప్తాను. మీరు కూడా మీ ఇంట్లో చెప్పండి.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని