మీటరు చూడాలా, క్యాలెండరు చూడాలా?



గ్యాసు బండ ఎప్పుడు వచ్చిందో, పాలవాడికి ఎంత బాకీ ఉన్నామో, పిల్లల ఫీజు గడువు ఏనాడో మనకు కంఠతా వచ్చు. కాని వాకిట్లో ఉన్న స్కూటరుకు ఇంజను ఆయిలు ఎప్పుడు మార్పించారని ఎవరైనా అడిగితే, "ఏమో, ఆయన్నడగాలి" అంటాం. పిల్లల్ని బడిలో దింపేదీ, రైతుబజారు నుంచి కూరలు మోసుకొచ్చేదీ మనమే అయినప్పుడు ఆ లెక్క కూడా మన దగ్గరుంటే మంచిది కదండీ! షెడ్డుకు వెళితే ఒకరు "రెండువేలకే మార్చెయ్యాలమ్మా" అంటారు. మరొకరు "ఇంకా బాగానే ఉంది, పోనివ్వండి" అంటారు. ఎవరి మాట నమ్మాలో మనకు తెలియాలంటే ముందు ఆ ఆయిలు చేసే పనేమిటో తెలియాలి.

ఇంజనులో లోహపు భాగాలు నిమిషానికి కొన్ని వేలసార్లు ఆడుతుంటాయి. అవి ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా వాటి మధ్య పలుచని పొరలా నిలబడేది ఆయిలే. కుట్టుమిషనుకు నాలుగు చుక్కలు వెయ్యకపోతే ఎలా బిగుసుకుపోతుందో మనకు తెలియనిది కాదు. ఇది కాక లోపలి వేడిని లాగెయ్యడం, మసినీ రజనునూ తనలో పట్టి ఉంచడం, తుప్పు పట్టకుండా చూడడం కూడా దాని పనే. ఇందుకోసం ఆయిల్లో కొన్ని మందులు కలుపుతారు. వాడుతున్నకొద్దీ ఆ మందులు ఖర్చయిపోతాయి. ఆయిలు ఉన్నట్టే కనబడుతుంది, సత్తువ మాత్రం ఉండదు. అలాగే నడిపిస్తూ పోతే లోపల అరుగుదల మొదలై, చివరకు ఇంజను పట్టేస్తుంది. అప్పుడు బోరు పని చేయించాలంటే ఖర్చు వేలల్లో ఉంటుంది. పైగా అది నడిరోడ్డు మీద, వెనక పిల్లవాడు కూర్చుని ఉండగా ఆగిపోవచ్చు కూడా.

"మా నాన్నగారి చేతక్‌కు ఎన్నడూ ఇంజను ఆయిలు మార్చలేదే!" అని కొందరికి సందేహం రావచ్చు. నిజమే. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ వంటి పాత టూ స్ట్రోక్ బళ్ళలో ఆయిలును పెట్రోలులోనే కలిపి పోసేవారు. అది పెట్రోలుతోపాటే కాలిపోయేది. మార్చవలసింది గేరు ఆయిలే. ఇప్పటి పెట్రోలు స్కూటర్లు ఫోర్ స్ట్రోక్‌వి. వీటిలో ఆయిలు ఇంజను అడుగున నిల్వ ఉండి, అదే మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటుంది. కనుక పాతది దింపి కొత్తది పొయ్యక తప్పదు. బ్యాటరీ స్కూటరు ఉన్నవారికి ఇంజనూ లేదు, ఈ బెడదా లేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. బండితోపాటు ఒక పుస్తకం ఇస్తారు. దాన్ని ఏ బీరువాలోనో పడేసి ఉంటాం. ఓసారి తీసి, ఆయిలు మార్పు గురించిన పట్టిక చూడండి. ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందు వస్తే అది అని ఉంటుంది. చాలామంది మొదటి అంకె చదివి రెండోది వదిలేస్తారు. ఇంటి అవసరాలకు బండి నడిపే మనకు ముఖ్యమైనది ఆ రెండో అంకే సుమండీ!

ఒక చిన్న లెక్క వేసుకుందాం. మీ బండి పుస్తకంలో 6,000 కిలోమీటర్లు లేదా 6 నెలలు అని ఉందనుకోండి. బడికీ బజారుకూ కలిపి రోజుకు 8 కిలోమీటర్లు తిరిగితే నెలకు 240. ఆరు నెలలకు 1,440 మాత్రమే. మీటరు 6,000 చూపించేదాకా ఆగితే రెండేళ్ళు దాటిపోతుంది. అదే ఆఫీసుకని రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు పాతిక రోజులు తిరిగేవారికి ఆరు నెలలకే 6,000 అవుతుంది. ఒకే రకం బండి అయినా వారు మీటరును చూసుకోవాలి, మనం క్యాలెండరును చూసుకోవాలి.

తక్కువ తిరిగిన బండికి ఆయిలు ఎందుకు చెడుతుంది అంటారా? పెట్రోలు మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజను చల్లగా ఉంటే, మూతకు ఆవిరి పట్టినట్టు అది లోపల నీరై ఆయిల్లో చేరుతుంది. సరిగా మండని పెట్రోలు కూడా కొంత అందులోకి దిగుతుంది. అరగంటపాటు ఆగకుండా నడిస్తే ఇంజను బాగా వేడెక్కి అదంతా ఆవిరైపోతుంది. మనమేమో రెండు కిలోమీటర్లు వెళ్ళి ఆపేస్తాం. తడి ఆరకుండానే మడతపెట్టిన బట్టలాగే ఉంటుంది లోపలి పరిస్థితి. అందుకే చిన్న చిన్న ప్రయాణాలు, దుమ్ము రోడ్లు, గంటలకొద్దీ ట్రాఫిక్కులో నిలబడడం వంటివాటికి కొన్ని పుస్తకాల్లో ఇంకా తక్కువ గడువు వేరే రాసి ఉంటుంది. కారుకూ ఇదే సూత్రం. ఇప్పటి పెట్రోలు కార్లు చాలావాటికి 10,000 కిలోమీటర్లు లేదా 12 నెలలు అని ఉంటుంది. పండక్కీ పెళ్ళికీ తప్ప తియ్యని కారుకు కూడా ఏడాదికోసారి మార్పించవలసిందే.

అలాగని ఎవరో చెప్పారని గడువుకు చాలా ముందే మార్పించడమూ దండగే. కొత్త బండికి మాత్రం మొదటి మార్పు త్వరగా ఉంటుంది. కొత్త భాగాలు సర్దుకునేటప్పుడు లోహపు రజను రాలుతుంది, అందుకని.

"చూడండమ్మా, నల్లబడిపోయింది" అన్నంతమాత్రాన కంగారు పడకండి. బూరెలు వేయించిన నూనెతో దీన్ని పోల్చకూడదు. మసిని తనలో పట్టి ఉంచుతోంది కనుకే ఆయిలు నల్లబడుతుంది. పాలు కలిసినట్టు తెల్లగా కనబడితే నీరు చేరిందన్నమాట. పెట్రోలు వాసన గట్టిగా కొట్టినా, మట్టం తగ్గుతున్నా వెంటనే మెకానిక్కుకు చూపించాలి.

మట్టం చూడడం మనకు చేతకాని పని కాదు. బండిని సమంగా ఉన్న చోట పెద్ద స్టాండు వేసి, ఇంజను ఆపి కొద్ది నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, పుస్తకంలో చెప్పినట్టు మళ్ళీ పెట్టి తియ్యండి. తడి రెండు గీతల మధ్య ఉండాలి. తక్కువైతే ప్రమాదం, మరీ ఎక్కువైనా నురగ కట్టి చేటే.

డబ్బా మీద 10డబ్ల్యు-30 వంటి అంకెలుంటాయి. మొదటిది చలిలో, రెండోది వేడిలో ఆయిలు ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. పుస్తకంలో ఏది ఉంటే అదే పోయించండి. కారు ఆయిలు మిగిలిందని మోటారుసైకిల్లో పోయిస్తే క్లచ్ జారే అవకాశం ఉంది. సీలున్న డబ్బాను మీ ఎదుటే విప్పించండి. ఖాళీ డబ్బాలో నకిలీ సరుకు నింపకుండా దానికో చిల్లు పొడిపించండి. దించిన పాత ఆయిలును మురిక్కాలవలో పొయ్యనివ్వకండి. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం. దాన్ని శుద్ధి చేసేవారికి అందించే షెడ్డునే ఎంచుకోండి.

చివరగా ఒక్క మాట. ఆయిలు మార్పించిన రోజున తేదీ, మీటరు అంకె, మళ్ళీ మార్పించవలసిన నెల ఒక చీటీ మీద రాసి సీటు కింద పుస్తకంలో పెట్టండి. వంటింటి క్యాలెండరు మీద కూడా ఆ నెల దగ్గర ఓ చుక్క పెట్టుకోండి. ఈసారి షెడ్డులో ఎవరేమన్నా, "మాకు ఫలానా నెలలో మార్చాలి" అని మీరే చెప్పగలుగుతారు.