పిపెట్ పట్టే రోబోలు: స్పెక్స్ సరే, మా వరికుంటపాడు దాకా వచ్చేదేది?

ఫోన్లు, ఇయర్‌బడ్స్‌కి ఈ వారం చిన్న బ్రేక్. ఈసారి గ్యాడ్జెట్ పేరు ఆటోమేటెడ్ లిక్విడ్ హ్యాండ్లింగ్ వర్క్‌స్టేషన్. పేరు చూసి భయపడకండి ఫ్రెండ్స్. ల్యాబ్‌లో మనిషి చేత్తో పిపెట్ పట్టి చేసే పనిని, చూడ్డానికి త్రీడీ ప్రింటర్‌లా ఉండే ఒక బాక్స్ చేస్తుంది, అంతే.

మా పెద్దమ్మ కొడుకు వరికుంటపాడు నుంచి వెళ్లి హైదరాబాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాడు. "ఆ రోబో వస్తే నా ఉద్యోగం ఉంటుందా రా?" అని మొన్న ఫోన్‌లో అడిగాడు. ఈ ఆర్టికల్ అందుకే.

ముందు ఆయన పనేంటో చూద్దాం. ల్యాబ్ ప్లేట్‌లో 8 వరుసలు, 12 నిలువులు, మొత్తం 96 గుంటలు. ఒక్కో గుంటలో నాలుగు ద్రవాలు వేయాలంటే 384 సార్లు బొటనవేలు నొక్కాలి. ఒకేసారి ఎనిమిది గుంటల్లో వేసే పిపెట్లు ఉన్నాయి కానీ, పేషెంట్ల శాంపిల్స్ విడివిడి ట్యూబుల్లో వస్తాయి కాబట్టి అవి ఒక్కొక్కటే తీయాలి. ప్రతిసారీ కొత్త టిప్. ఇక్కడ ఎర్రర్ అంటే యాప్ క్రాష్ కావడం కాదు, ఒకరి రిపోర్ట్ ఇంకొకరికి పోవడం.

ఇక మోడల్స్ విషయానికొస్తే, హ్యామిల్టన్, టెకాన్ వంటివి ఫ్లాగ్‌షిప్‌లు. పెద్ద కాన్ఫిగరేషన్ అయితే లక్ష డాలర్లు దాటేస్తుంది. టిప్ ద్రవాన్ని తాకగానే పసిగట్టే సెన్సర్లు వీటిలో ఉంటాయి. బడ్జెట్ సెగ్మెంట్‌లో ఓపెన్‌ట్రాన్స్ ఓటీ-2. సుమారు 4,000 డాలర్లతో మొదలై మార్కెట్‌ని కదిలించింది, తర్వాత రేటు పెరిగిందనుకోండి. ఓపెన్ సోర్స్, పైథాన్‌లో ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. కానీ ట్యూబ్‌లో ద్రవం ఎంతుందో దానికి తెలీదు. మనం రాసిన ఎత్తుకే దిగుతుంది. తక్కువుంటే గాలి పీల్చుకుని, పని అయిపోయిందనుకుంటుంది. గ్లిజరాల్ లాంటి చిక్కటి ద్రవాలు ఇంకో తలనొప్పి. చిట్టాముదాన్ని నీళ్ల స్పీడ్‌లో లాగితే ఏమవుతుందో అదే అవుతుంది. అందుకే ముందు నీళ్లు వదిలించి తూకం వేస్తారు. ఒక మైక్రోలీటర్ నీళ్లు దాదాపు ఒక మిల్లీగ్రాము తూగాలి.

అన్నకి నేను చెప్పింది ఇదే: మామూలు మోడల్స్ ట్యూబ్ మూత తీయవు, చెరిగిపోయిన లేబుల్ చదవవు, శాంపిల్‌లో గడ్డ ఉంటే "ఇది మళ్లీ తీయండి" అనవు. బొటనవేలి పని పోతుంది, కంటి పని మిగులుతుంది. అయితే పది మంది చేసే చోట నలుగురు చాలంటారేమో, ఆ భయం నిజమే. దాన్ని తీసిపారేయలేను.

ఇప్పుడు మా ఊరి సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చి 12న మా నెల్లూరు జిల్లాలోనే తేలింది. ఆ తర్వాత రాష్ట్రంలో టెస్టులకి బాగా వాడినవాటిలో ట్రూనాట్ ఒకటి. గోవాకి చెందిన మోల్‌బయో కంపెనీది, బ్యాటరీ మీద నడుస్తుంది, అసలు టీబీ కోసం పేరు తెచ్చుకుంది. శాంపిల్ వేస్తే, కార్ట్రిడ్జ్ లోపలే కడగడం, ఆర్‌ఎన్‌ఏ తీయడం దానంతటదే చేసేస్తుంది. తర్వాత 6 మైక్రోలీటర్లు మనిషే పిపెట్‌తో తీసి చిప్ మీదికి మార్చాలి. నా లెక్కలో మండలాల దాకా వచ్చే లిక్విడ్ హ్యాండ్లర్ ఇదే. కరెంటు కోతలున్న చోట లక్ష డాలర్ల డెక్ కంటే ఇదే మేలు.

హైదరాబాద్ సీసీఎంబీ ఇంకో దారి పట్టింది. స్వాబ్‌ని ద్రవంలో ముంచకుండా పొడిగానే తెచ్చి, ఆర్‌ఎన్‌ఏ వేరు చేసే స్టెప్పే ఎత్తేసింది. 2020 నవంబర్‌లో ఐసీఎంఆర్ దానికి ఓకే చెప్పింది. ఆటోమేట్ చేయాల్సిన పనినే తగ్గించేశారు, అది నాకు భలే నచ్చింది.

కొనలేకపోయినా ట్రై చేయాలనుందా? ఓపెన్‌ట్రాన్స్ పైథాన్ ప్యాకేజీ ఫ్రీ. ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే రోబో లేకుండానే ప్రోగ్రామ్ సిమ్యులేట్ చేసి, ఏ టిప్ ఎప్పుడు ఎటు పోతుందో లైన్ లైన్‌గా చూపిస్తుంది. అన్నకి పోయిన ఆదివారమే ఇన్‌స్టాల్ చేసిచ్చా. ప్రస్తుతం 12 గుంటల దగ్గర ఉన్నాడు.