తుప్పలు కొట్టగానే తోట అయిపోదు

విశాఖలోని మధురవాడలోనైనా గాజువాకలోనైనా ఇళ్ల మధ్య ఖాళీగా మిగిలిన ప్లాటు రెండు గట్టి వానలకే నడుమెత్తు తుప్పలతో నిండిపోతుంది. పైకి వయ్యారిభామ, జిల్లేడు, ఉమ్మెత్త కనిపిస్తాయి. వాటి అడుగున తుంగ, గరిక. అలాంటి చోట మందుల్లేకుండా నాలుగు కూరగాయలు పండించుకుందామనుకునే వాళ్లకు చుట్టుపక్కల నుంచి వచ్చే మొదటి సలహా, “జేసీబీ పెట్టించండి, ఒక్క పూటలో తేలిపోతుంది” అని.

జేసీబీతో చెక్కిస్తే ముందు పోయేది పైమట్టి. విశాఖ కొండవాలు ఎర్రనేలల్లో కాస్తో కూస్తో సత్తువ ఉండేది ఆ పై జానెడులోనే. దాన్ని ఓ మూలకు నెట్టేసి, కొండ తవ్విన మట్టి లారీలతో కొని పోయించుకుంటారు చాలామంది. చూడ్డానికి ఎర్రగా నిగనిగలాడే ఆ మట్టిలో సేంద్రియ పదార్థం దాదాపు ఉండదు. పారేసిన మట్టే మేలు.

ఇంతా చేసి తుంగ పోతుందా అంటే, పోదు. మొక్కను పట్టి లాగితే ఆకులు చేతికొస్తాయి, అంతే. గునపంతో మట్టిని లేపి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. శనగగింజంత మొదలుకొని రేగుపండంత వరకు నల్లటి దుంపలు, సన్నటి వేళ్లలాంటి తీగలతో గొలుసుకట్టుగా అల్లుకుని ఉంటాయి. ఒకదాన్ని గోటితో గిల్లితే ఘాటైన సువాసన వస్తుంది. ఆయుర్వేదంలో తుంగముస్తలు ఇవే. ఆ గొలుసు తెగితే విడిపోయిన దుంపలన్నీ మొలకెత్తుతాయి. రోటవేటరు తిప్పించడమంటే తుంగను స్థలమంతా నాటించుకోవడమే.

మరి దారేమిటి? తుంగకు నీడ గిట్టదు. తడి ఆరని నేలను పారతో తిరగేసి, దొరికినన్ని దుంపలు ఏరి ఎండలో మాడబెట్టాలి. ఆ వెంటనే జనుము, అలసంద, పిల్లిపెసర దట్టంగా చల్లి నేలను కప్పేయాలి. మళ్లీ తలెత్తిన తుంగను నాలుగైదు ఆకులు వేయకముందే పెకలిస్తూ ఉంటే దుంపలోని నిల్వ తరిగిపోతుంది. దీనికి కనీసం ఒక సీజను ఓపిక కావాలి. అంతకన్నా దగ్గరి దారి ఉందని ఎవరు చెప్పినా నమ్మనక్కర్లేదు.

“తగలబెడితే బూడిదే ఎరువు కదా” అన్న మాట కూడా గట్టిగానే వినిపిస్తుంది. మంట పైనున్న ఆకును కాలుస్తుంది తప్ప మట్టిలోని దుంపను తాకదు. పైగా నేలకు దక్కాల్సిన ఆకు అలములన్నీ పొగైపోతాయి. వయ్యారిభామను కాల్చక్కర్లేదు. పూత రాకముందు, చేతికి తొడుగులు వేసుకుని పీకితే కంపోస్టుకు పనికొస్తుంది. పూతకొచ్చాక మాత్రం కుప్పలో వేయకూడదు. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాని పుప్పొడి ఒంటికి పడని వాళ్లకు దురదలు, ఆయాసం.

ఉప్పు నీళ్లు పోస్తే కలుపు చస్తుందని, ఉప్పు రసాయన మందు కాదని ఇంకో నమ్మకం. కలుపు చచ్చేమాట నిజమే. ఆ ఉప్పు మట్టిలో ఉండిపోయి వంగ నారును, బీర పాదును కూడా చంపుతుంది. అసలే సముద్రపు గాలి తగిలే ఊళ్లో నేలకు చేతులారా ఉప్పు పట్టించడం ఎందుకు? “కలుపు మందు ఒక్కసారి కొట్టి ఆ తర్వాత సేంద్రియం చేద్దాం” అనే వాళ్లూ ఉన్నారు. అలాంటి మందుల్లో ఒకటైన గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులోనే ఆంక్ష పెట్టింది.

ప్లాస్టిక్ షీటు విషయంలోనూ పొరపాటు పడుతుంటారు. ఎండ వేడితో గింజలను చంపాలంటే నల్ల షీటు కాదు, పారదర్శకమైనది కావాలి. ఏప్రిల్, మే ఎండల్లో నేలను తడిపి, షీటు పరిచి, అంచులు మట్టిలో పూడ్చి 4 నుంచి 6 వారాలు ఉంచితే చాలా రకాల కలుపు గింజలు చస్తాయి. అయినా తుంగ కొంత మిగులుతుంది.

జీవామృతం పోస్తే అన్నీ సర్దుకుంటాయన్నది కొత్తగా పుట్టిన అపోహ. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి కలిపి పులియబెట్టే ఆ ద్రవం సూక్ష్మజీవుల తోడు మాత్రమే. కలుపు పని దానిది కాదు. 2024లో గుల్బెంకియన్ పురస్కారం పంచుకున్న ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా జీవామృతం డ్రమ్ము ఒక్కదాన్నే నమ్ముకోలేదు. ఏడాదంతా నేల మీద పచ్చదనం ఉండాలని, తొలకరికి ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లాలని చెబుతోంది.

తుప్పల్లోకి దిగే ముందు పాముల గురించి అందరూ హెచ్చరిస్తారు. పొదల్లోని చిన్న నల్లి పురుగుల (మైట్స్) పిల్లల గురించి చెప్పేవాళ్లు తక్కువ. అవి కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. పొడుగు చేతుల చొక్కా, బూట్లు తప్పనిసరి. తర్వాత జ్వరం వచ్చినా, ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన మచ్చ కనిపించినా, తుప్పల్లో పని చేసిన సంగతి డాక్టరుకు చెప్పాలి. వేళకు గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో తగ్గే జబ్బిది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ, “మందు కొట్టలేదు, కాబట్టి కూర శుభ్రం” అనుకోవడం. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలోని కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు లీకైనప్పుడు చుట్టుపక్కల కాసిన కూరగాయలు, పళ్లు తినవద్దని జనానికి చెప్పారు. ఆ కాయలకు మందు కొట్టారా లేదా అన్న ప్రశ్నే అక్కడ లేదు. ఉక్కు, ఎరువులు, బొగ్గు, ఖనిజాల దుమ్ము, పాత రంగుల పెచ్చులు, ఇళ్ల శిథిలాలు ఉన్న ఊళ్లో ప్లాటు పాత చరిత్ర కూడా కూరలోకి రాగలదు. భూసార కార్డు చేతిలో ఉందని ధీమాగా ఉండే వాళ్లు ఒక సంగతి గమనించాలి. అందులో చూసే 12 అంశాల్లో నత్రజని, భాస్వరం, జింకు లాంటివి ఉంటాయి గాని సీసం, కాడ్మియం ఉండవు. కర్మాగారాలకు, లారీల రోడ్డుకు దగ్గరగా ఉన్న స్థలమైతే భార లోహాల పరీక్ష విడిగా అడిగి చేయించుకోవాలి. అది తేలేదాకా తోటకూర, పాలకూర, ముల్లంగి ఆపి, లోహాలను కాయలోకి తక్కువగా చేరనిచ్చే వంగ, బెండ, ఆనప వేసుకోవచ్చు. అదీ బాగా మాగిన గెత్తం కలిపిన ఎత్తు మళ్లలో వేసుకుని, కోసిన కాయలను ధారగా నీళ్లు పోసి కడుక్కుని వాడుకోవాలి.