‘హ్యాపీ క్రిస్మస్’ తప్పు కాదు



కిందటి డిసెంబరులో నాలుగో తరగతి పిల్లలతో గ్రీటింగ్ కార్డులు చేయించాను. ఒక పాప తన కార్డు మీద ‘హ్యాపీ క్రిస్మస్’ అని రాసింది. నేను ‘హ్యాపీ’ కొట్టేసి, పైన ఎర్ర ఇంకుతో ‘మెర్రీ’ అని రాశాను. మర్నాడు వాళ్ళమ్మగారు వచ్చి, “మేడమ్, మా ఇంట్లో, మా చర్చిలో అందరం హ్యాపీ క్రిస్మస్ అనే అంటాం. అది తప్పాండీ?” అని అడిగారు. ఆ కార్డు వాళ్ళ నాన్నమ్మ కోసం చేసిందట. ఎర్ర గీత పడ్డాక ఇవ్వనని ఏడ్చిందట. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత చదివి చూస్తే తప్పు నాదేనని తెలిసింది. బ్రిటన్‌లో ‘హ్యాపీ క్రిస్మస్’ అనడం మామూలే. రెండో ఎలిజబెత్ రాణి తన క్రిస్మస్ ప్రసంగాల్లో ఆ మాటే వాడేవారు. ‘మెర్రీ’లో కాస్త తాగి చిందులేసే సరదా ధ్వనిస్తుందని కొందరు దాన్ని తప్పించేవారని చెబుతారు. అమెరికాలో మాత్రం ‘మెర్రీ’దే పైచేయి. మన పిల్లలు చూసే సినిమాలు, కార్టూన్లు ఎక్కువగా అక్కడివే కదా, అందుకే వాళ్ళ చెవికి అదొక్కటే సరైనదిగా అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

‘మెర్రీ’ కూడా పాత మాటే. 1534 డిసెంబరులో బిషప్ జాన్ ఫిషర్ లండన్ టవర్‌లో ఖైదీగా ఉన్నారు. ఎనిమిదో హెన్రీ రాజు మాట కాదన్నందుకు ఆ శిక్ష. బట్టలు చిరిగిపోయాయి, తిండి సరిగా లేదు, సాయం చేయండని రాజుగారి మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కు ఉత్తరం రాస్తూ, చివర ఆయనకు ‘మెర్రీ క్రిస్మస్’ కోరుకున్నారు. తర్వాతి జూన్‌లో ఫిషర్‌కు మరణశిక్ష అమలైంది. అంత కష్టంలో ఉన్న మనిషి వాడిన ‘మెర్రీ’కి చిందులేయడమని అర్థం చెప్పలేం. మనసు హాయిగా ఉండాలన్నదే ఆ కోరిక. 1843లో లండన్‌లో అచ్చయిన తొలి క్రిస్మస్ కార్డు మీద కూడా క్రిస్మస్‌కు ‘మెర్రీ’, న్యూ ఇయర్‌కు ‘హ్యాపీ’ అని ఉంటుంది. ఆ జంట నేటికీ నిలిచింది. అయితే ‘మెర్రీ దీపావళి’ మాత్రం కుదరదు. ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు!

‘ఎక్స్‌మస్’ అని రాస్తే క్రీస్తు పేరు తీసేసినట్టని కొందరు నొచ్చుకుంటారు. అందులోని ‘ఎక్స్’ నిజానికి గ్రీకు అక్షరం ‘ఖీ’. గ్రీకులో ‘క్రిస్తోస్’ అనే మాట దానితోనే మొదలవుతుంది. అది క్రైస్తవులే ఎన్నో శతాబ్దాలుగా వాడిన పొట్టి రూపం. అయినా పెద్దలకు ఇచ్చే కార్డు మీద పూర్తి మాట రాయించడమే మంచిదని నా అభిప్రాయం. స్పెల్లింగ్‌లో పిల్లలు వదిలేసే ‘టి’ కూడా అలా అలవాటవుతుంది. ‘క్రైస్ట్’, ‘మాస్’ అంటే ఆరాధన, ఈ రెండూ కలిస్తేనే ఆ మాట.

ఇతర భాషల్లో స్పానిష్ ‘ఫెలిజ్ నావిదాద్’ పాట వల్ల పిల్లలందరికీ తెలుసు. ‘నావిదాద్’ అంటే జననం. ఫ్రెంచి ‘నోయెల్’, గోవా కొంకణిలో క్రిస్మస్‌ను పిలిచే ‘నతాళ్’ కూడా ఆ లాటిన్ మూలం నుంచే వచ్చాయి. నాకు బాగా నచ్చింది హవాయి వాళ్ళ ‘మెలె కలికిమక’. వాళ్ళ భాషలో ‘ర’, ‘స’ లేవు, ప్రతి హల్లు తర్వాతా అచ్చు రావాల్సిందే. మనం బస్‌ను ‘బస్సు’ చేసుకున్నట్టే, వాళ్ళు ‘మెర్రీ క్రిస్మస్’ను అలా మార్చుకున్నారు.

నిజంగా దిద్దాల్సినది ఒకటుంది. ముందుగా చెప్పే శుభాకాంక్షలకు మన దగ్గర ‘అడ్వాన్స్‌డ్ హ్యాపీ క్రిస్మస్’ అని మెసేజీలు పెడుతుంటారు. ‘అడ్వాన్స్‌డ్’ అంటే పై స్థాయిది అని అర్థం. ‘హ్యాపీ క్రిస్మస్ ఇన్ అడ్వాన్స్’ అంటే సరిపోతుంది.

ఈ నెల మళ్ళీ కార్డులు చేయిస్తున్నాం. కార్డు ఎవరికి ఇస్తారో, వాళ్ళు ఏ భాష చదువుతారో డైరీలో రాసి పంపండి. నాన్నమ్మగారు తెలుగే చదివితే ‘క్రిస్మస్ శుభాకాంక్షలు’ అనే రాయిస్తాను. స్పెల్లింగ్ ఏదైనా దిద్దాల్సి వస్తే ఈసారి పెన్సిల్‌తో, అదీ రఫ్ పేపర్ మీదే.