నల్లరేగడి డొంకలో విద్యుత్ ఆటో: వెనుక డిఫరెన్షియల్ పాత్ర

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిర్చి చేలకు పోయే డొంకల్లో ఎడ్లబండికి లేని చిక్కు ఒకటి విద్యుత్ ఆటోకు ఉంది. ఎడ్లబండిలో ఇరుసు తిరగదు. రెండు చక్రాలూ దానిమీద దేనికది తిరుగుతాయి. లాగేది ఎడ్లు గనుక చక్రాలకు బలం అందించే పని ఇరుసుకు లేదు. మోటారు బండిలో ఆ బలం ఇరుసు ద్వారానే చక్రాలకు చేరాలి.

వెనుక చక్రాల నడుమ ఎడం 1.2 మీటర్లు అనుకుందాం. బండి సమకోణంలో మలుపు తిరిగేసరికి వెలుపలి చక్రం లోపలి దానికంటే సుమారు 1.9 మీటర్లు ఎక్కువగా దొర్లాలి. మలుపు ఇరుకైనా విశాలమైనా ఈ తేడా మారదు. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తే ఏదో ఒకటి నేలను రాసుకుంటూ జారుతుంది. బండి తిన్నగా పోవడానికే మొగ్గుతుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది. ఒక్క చక్రానికే బలమిస్తే బండి ఒక పక్కకు లాగుతుంది. ఈ రెండు ఇబ్బందులకూ విరుగుడు డిఫరెన్షియల్. (గణితంలోని అవకలనంతో కలగాపులగం కాకుండా మెకానిక్కుల మాటనే ఇక్కడ గ్రహించడమైనది.) 1877లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ దీనిని అమర్చినది తొక్కుడు మూడుచక్రాల బండికే. కనుక ఆటోకు ఇది కారు నుంచి వచ్చిన అరువు సొత్తు కాదు.

సాధారణ డిఫరెన్షియల్ చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది గాని, తిప్పే బలాన్ని మాత్రం రెండింటికీ సమంగానే పంచుతుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఒక చక్రం బురదలో పట్టు తప్పితే, ఆ జారే చక్రానికి అందే స్వల్పబలమే గట్టినేల మీదున్న రెండవ దానికీ అందుతుంది. వానకు జిగురెక్కిన నల్లరేగడిలో ఒక చక్రం గిర్రున తిరుగుతుండగా రెండవది కదలక నిలిచిపోవడానికి కారణమిదే. విద్యుత్ మోటారు కదలిక మొదట్లోనే అధికబలం చూపుతుంది గనుక యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పితే పట్టు మరింత త్వరగా తప్పుతుంది. ట్రాక్టరులోనైతే రైతు డిఫరెన్షియల్ లాక్ నొక్కి రెండు చక్రాలనూ ఏకం చేస్తాడు. సరుకు ఆటోల్లో సాధారణంగా ఆ వసతి ఉండదు.

టిక్కీలు ఎత్తుగా పేర్చుకొని గుంటూరు మిర్చి యార్డుకు పోయే బండి సంగతి వేరు. తారు రోడ్డుపై వేగంగా మలుపు తిరిగితే బరువు వెలుపలి చక్రంపైకి ఒరిగి, లోపలి చక్రం తేలికపడుతుంది. అది నేలను వదిలితే గాలిలో వృథాగా తిరుగుతుంది, వెలుపలి చక్రానికీ తోపు అందదు. ఒరుగుడును నిర్ణయించేవి మాత్రం చక్రాల ఎడం, బరువు ఎత్తు, వేగం. వాటి లోపాన్ని డిఫరెన్షియల్ పూడ్చలేదు.

ఒక్కొక్క వెనుక చక్రానికి ఒక్కొక్క మోటారు అమర్చడం మరో మార్గం. అప్పుడు జారే చక్రానికి బలం తగ్గించి, పట్టున్న దానికి నిలపవచ్చు. అయితే ఖర్చు పెరుగుతుంది. చక్రం కుండలోనే మోటారును ఇమిడిస్తే డొంకలోని గుంతల దెబ్బలు నేరుగా దానికే తగులుతాయి.