8 సార్లు యూరప్ ఛాంపియన్.. ఇప్పుడు యూరప్‌లోకే నో ఎంట్రీ! సీఎస్‌కేఏ మాస్కో బాస్కెట్‌బాల్ క్లబ్ కథేంటి?

బాస్కెట్‌బాల్ అనగానే మనకు అమెరికా, ఎన్‌బీఏనే గుర్తొస్తాయి. అయితే యూరప్‌లో ఓ రష్యన్ క్లబ్ దశాబ్దాల పాటు హవా నడిపించింది. అదే సీఎస్‌కేఏ మాస్కో. యూరప్ అత్యున్నత క్లబ్ టైటిల్‌ను ఏకంగా 8 సార్లు గెలిచిన ఈ టీమ్.. 2022 నుంచి ఆ టోర్నీ గడప కూడా తొక్కలేకపోయింది. ఆటలో ఓడిపోయి కాదు.. యుద్ధం వల్ల. ఇంతకీ ఈ క్లబ్ ఎలా పుట్టింది? ఎలా ఎదిగింది? ఎక్కడ ఆగిపోయింది? వివరంగా చూద్దాం.

పేరులోనే ఆర్మీ ఉంది

సీఎస్‌కేఏ అంటే రష్యన్ భాషలో ‘సైన్యపు కేంద్ర క్రీడా క్లబ్’ అని అర్థం. అక్కడి జనం దీన్ని ‘త్సెస్కా’ అని పిలుస్తారు. ఈ క్రీడా సంస్థ మూలాలు 1923 నాటివి. సోవియట్ యూనియన్‌లో అధికారికంగా ప్రొఫెషనల్ ఆటగాళ్లంటూ ఉండేవారు కాదు. ఒక్కో క్లబ్ వెనుక ఒక్కో ప్రభుత్వ విభాగం, ఫ్యాక్టరీ లేదా కార్మిక సంఘం ఉండేది. సీఎస్‌కేఏ వెనుక ఉన్నది సాక్షాత్తూ రెడ్ ఆర్మీ.

ఇదే ఆ క్లబ్‌కు పెద్ద ప్లస్ పాయింట్ అయింది. ఎందుకంటే సోవియట్‌లో యువకులకు సైనిక సేవ తప్పనిసరి. దేశంలో ఏ మూల మంచి ఆటగాడు కనిపించినా ఆర్మీ క్లబ్‌లోకి తీసుకునే దారి ఉండేది. యూనిఫాం ఆర్మీది.. డ్యూటీ మాత్రం బాస్కెట్‌బాల్ కోర్టులో! ఫలితం ఎలా ఉందంటే.. 1945లో తొలిసారి సోవియట్ లీగ్ గెలిచిన ఈ టీమ్, మొత్తం 24 టైటిళ్లు పట్టేసింది. 1976 నుంచి 1984 వరకు వరుసగా తొమ్మిదేళ్లు దానికి ఎదురే లేదు.

మాస్కోకు వచ్చిన రియల్ మాడ్రిడ్

యూరోపియన్ ఛాంపియన్స్ కప్ 1958లో మొదలైంది. ఇప్పటి యూరోలీగ్‌కు అదే మూలం. తొలి మూడు టైటిళ్లూ లాత్వియాలోని రిగా ఆర్మీ క్లబ్‌కే దక్కాయి. దాని కోచ్ అలెగ్జాండర్ గొమెల్‌స్కీ. 1961 ఫైనల్లో ఆ రిగా టీమ్‌నే ఓడించి సీఎస్‌కేఏ తొలిసారి యూరప్ ఛాంపియన్ అయింది.

1963 ఫైనల్ మరీ స్పెషల్. ప్రత్యర్థి స్పెయిన్ క్లబ్ రియల్ మాడ్రిడ్. అప్పట్లో స్పెయిన్‌లో ఫ్రాంకో నియంతృత్వం నడుస్తోంది. సోవియట్ అంటే కమ్యూనిస్టు దేశం. రెండింటి మధ్య దౌత్య సంబంధాలే లేవు. అయినా మ్యాచ్‌లు జరిగాయి. మాడ్రిడ్‌లో రియల్ 86-69తో గెలిచింది. మాస్కోలో సీఎస్‌కేఏ 91-74తో బదులు తీర్చుకుంది. అక్కడా తేడా 17 పాయింట్లే.. ఇక్కడా 17 పాయింట్లే! దీంతో మాస్కోలోనే మూడో మ్యాచ్ ఆడించారు. అందులో 99-80తో కప్పు సీఎస్‌కేఏ వశమైంది.

1969లో బార్సిలోనా వేదికగా మళ్లీ అదే రియల్ మాడ్రిడ్. రెండు ఓవర్‌టైమ్‌ల దాకా సాగిన ఆ ఫైనల్‌ను సీఎస్‌కేఏ 103-99తో గెలుచుకుంది.

కోచ్‌కు పర్మిషన్ లేదు.. ఆటగాడే కోచ్!

ఆర్మీ అండ వల్ల లాభాలే కాదు, చిక్కులూ ఉండేవి. దేశం దాటాలంటే ప్రభుత్వం ఓకే చెప్పాలి. 1971 ఫైనల్ బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో జరిగింది. అప్పటికి గొమెల్‌స్కీ సీఎస్‌కేఏ కోచ్. కానీ ఆయనకు దేశం దాటేందుకు అనుమతి రాలేదు. దీంతో స్టార్ ప్లేయర్ సెర్గీ బెలోవ్ ఆడుతూనే కోచ్ బాధ్యత కూడా భుజాన వేసుకున్నాడు. ఇటలీ టీమ్ వరేసేపై 67-53తో కప్పు తెచ్చాడు.

ఆ మరుసటి ఏడాదే మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్. సోవియట్ జట్టు 51-50తో అమెరికాకు షాకిచ్చింది. ఆ మ్యాచ్‌లో 20 పాయింట్లు కొట్టింది ఈ సెర్గీ బెలోవే. ఆఖరి క్షణాల్లో కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు బంతి విసిరిన ఇవాన్ ఎదెష్కో కూడా సీఎస్‌కేఏ ఆటగాడే. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో జ్యోతి వెలిగించే గౌరవం బెలోవ్‌కే దక్కింది. 1992లో అమెరికాలోని నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కించుకున్న తొలి అంతర్జాతీయ ఆటగాడు కూడా అతడే.

దేశమే మారిపోయింది

1991లో సోవియట్ యూనియన్ కుప్పకూలింది. దాంతో పాటే పాత లీగ్ కూడా పోయింది. రష్యా లీగ్‌లో 1992 నుంచి 2000 వరకు వరుసగా 9 టైటిళ్లు గెలిచినా.. యూరప్ కప్పు మాత్రం అందలేదు. 2001, 2002లో పెర్మ్ నగరానికి చెందిన ఉరల్ గ్రేట్ క్లబ్ దేశవాళీ టైటిల్ కూడా లాగేసుకుంది.

ఇక్కడే సీన్ మారింది. ఆ ఉరల్ గ్రేట్‌ను నడిపించిన సెర్గీ కుష్చెంకోనే 2002లో సీఎస్‌కేఏ తెచ్చుకుంది. నోరిల్స్క్ నికెల్ అనే భారీ మైనింగ్ కంపెనీ డబ్బు అండగా నిలిచింది. ఒకప్పుడు సైనిక సేవ పేరుతో ఆటగాళ్లను తెచ్చుకున్న క్లబ్.. ఇప్పుడు జీతాలిచ్చి అమెరికా, గ్రీస్ స్టార్లను కొనుక్కుంది. ఇటలీ కోచ్ ఎత్తోరె మెస్సినా వచ్చాక 2006లో ప్రాగ్‌లో మకాబీ టెల్ అవీవ్‌ను 73-69తో ఓడించి 35 ఏళ్ల కరవు తీర్చుకుంది. 2008లో మళ్లీ మకాబీపైనే మరో కప్పు. 2003 నుంచి 2010 వరకు వరుసగా 8 సీజన్లు టాప్-4లో నిలిచింది.

గుండె బద్దలైన రాత్రి

2012 ఇస్తాంబుల్ ఫైనల్‌ను మాత్రం సీఎస్‌కేఏ ఫ్యాన్స్ ఎప్పటికీ మరిచిపోలేరు. గ్రీస్ టీమ్ ఒలింపియాకోస్‌పై మూడో క్వార్టర్‌లో 19 పాయింట్ల ఆధిక్యం. కప్పు చేతికొచ్చినట్టే అనుకున్నారు. కానీ ఆఖర్లో రెండు ఫ్రీ త్రోలు మిస్సయ్యాయి. ఇంకా సెకను కూడా మిగలని టైమ్‌లో ప్రింటెజిస్ షాట్ కొట్టాడు. స్కోరు 62-61.. అంతే, కప్పు గ్రీస్‌కు వెళ్లిపోయింది!

నాలుగేళ్ల తర్వాత బెర్లిన్‌లో ఫెనెర్‌బాచేపైనా భారీ ఆధిక్యం చేజారింది. అయితే ఈసారి మ్యాచ్ ముగియడానికి ముందు విక్టర్ ఖ్రియపా స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో 101-96తో కప్పు దక్కింది. 2019లో అనడోలు ఎఫెస్‌పై 91-83తో ఎనిమిదో టైటిల్. యూరప్‌లో ఇంతకంటే ఎక్కువ కప్పులున్నది ఒక్క రియల్ మాడ్రిడ్‌కే.

ఒక్కసారిగా తలుపులు మూత

2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలైంది. నాలుగు రోజులకే, ఫిబ్రవరి 28న యూరోలీగ్ రష్యా టీమ్‌లను సస్పెండ్ చేసింది. మార్చిలో ఆ సీజన్‌లో వాటి ఫలితాలన్నీ రద్దు చేసింది. సీఎస్‌కేఏతో పాటు జెనిత్, యూనిక్స్ క్లబ్‌లూ బయటికొచ్చాయి. జార్జియాకు చెందిన షెంగేలియా, లిథువేనియాకు చెందిన గ్రిగోనిస్ లాంటి ఆటగాళ్లు క్లబ్‌ను వీడారు.

ఇక మిగిలింది వీటీబీ యునైటెడ్ లీగ్ ఒక్కటే. అందులోనూ 2022లో జెనిత్, 2023లో యూనిక్స్ ఛాంపియన్లు అయ్యాయి. 2024లో సీఎస్‌కేఏ టైటిల్ తిరిగి గెలుచుకుంది. కానీ ఆ తర్వాత వెళ్లాల్సిన పెద్ద మెట్టు మాత్రం లేదు. ఇంట్లో ఛాంపియన్ అయినా.. బార్సిలోనాతోనో, రియల్ మాడ్రిడ్‌తోనో ఆడి నిరూపించుకునే ఛాన్స్ లేదు.

1963లో రెండు దేశాల మధ్య రాయబార కార్యాలయాలే లేవు. అయినా రియల్ మాడ్రిడ్ మాస్కో వచ్చి ఆడింది. ఇప్పుడు అదీ లేదు. సైన్యం పేరుతో పుట్టి, సైన్యం అండతో ఎదిగిన ఈ క్లబ్‌కు.. చివరికి అదే సైన్యం మొదలుపెట్టిన యుద్ధంతో యూరప్ దారి మూసుకుపోయింది.