దిగబడని బండి

వానలు పడ్డాక నల్లరేగడి ఎలా ఉంటుందో జహీరాబాద్ రైతుకు ఒకరు చెప్పనక్కర్లేదు. ట్రాక్టర్ వెనక చక్రం ఒకసారి ఉన్నచోటే తిరగడం మొదలుపెడితే ఇరుసుదాకా దిగబడుతుంది. ఇక ఎంత రేజ్ చేసినా గొయ్యి లోతవుతుందే కానీ బండి కదలదు. యుద్ధ ట్యాంకు పుట్టింది ఇలాంటి తిప్పల్లోంచే. దాన్ని తయారుచేసింది కూడా వ్యవసాయ యంత్రాల వాళ్లే.

మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో ఫ్రాన్స్ యుద్ధభూమి అంతా కందకాలు, ముళ్లతీగలు, ఫిరంగిగుండ్లు కలియదున్నిన బురద. బ్రిటిష్ నౌకాదళ శాఖ లింకన్ పట్నంలో నూర్పిడి యంత్రాలు, ట్రాక్టర్లు చేసే విలియం ఫాస్టర్ కంపెనీకి పని అప్పజెప్పింది. కంపెనీ అధిపతి విలియం ట్రిటన్, ఇంజినీరు వాల్టర్ విల్సన్ కలిసి 'లిటిల్ విల్లీ' తయారుచేశారు. దానికి అమెరికా నుంచి తెప్పించిన గొలుసు పట్టాలు వేశారు. కందకం దాటేటప్పుడు అవి జారి ఊడిపోయేవి. ట్రిటన్ పట్టుదలగా కూర్చుని ఉక్కు పలకలతో కొత్త పట్టా చేశాడు. పట్టా వేలాడకుండా, లోపలి అంచులు చట్రాన్ని పట్టుకునేలా అమర్చాడు. పరీక్షలో అది నిలిచింది.

ట్యాంకు అనగానే అందరూ ఫిరంగినే చూస్తారు. నన్నడిగితే చూడాల్సింది ఈ పట్టానే. చక్రం నేలకు ఆనేది చాలా కొద్దిమేర, బండి బరువంతా అక్కడే పడుతుంది. పట్టా అదే బరువును తన పొడవునా పరిచేస్తుంది. మెత్తటి నేల కూడా ఓర్చుకుంటుంది.

తర్వాత వచ్చిన 'మార్క్ 1' బరువు 28 టన్నులు, లోపల ఎనిమిది మంది. నడపడానికే నలుగురు కావాలి. ఇంజను వాళ్ల మధ్యే ఉండేది. ఆ మోతలో మాట వినపడక, గేరు మార్చమని చెప్పడానికి ఇంజను మూతమీద కొట్టేవారు. 1916 సెప్టెంబరు 15న ఫ్లెర్స్ దగ్గర మొదటిసారి యుద్ధంలోకి దించారు. ఉన్న 49లో దాడి మొదలయ్యే చోటికి చేరినవి 32. వాటిలోనూ కొన్ని దారిలో చెడిపోయాయి, కొన్ని దిగబడిపోయాయి.

రెండో ప్రపంచయుద్ధంలో, 1944 నాటికి పట్టా ఉన్నా చాలని నేలలు ఎదురయ్యాయి. నైనితాల్‌లో పుట్టిన బ్రిటిష్ సేనాని పెర్సీ హోబార్ట్ దళం నార్మండీ తీరానికి వింత ట్యాంకుల్ని తీసుకెళ్లింది. ఒకటి గొలుసులతో నేలను బాదుకుంటూ మందుపాతరల్ని పేల్చేది. ఇంకొకటి పెద్ద చుట్టలోంచి కాన్వాసు పరుచుకుంటూ, దానిమీదే నడుస్తూ, వెనకవచ్చే బండ్లకు మెత్తటి బంకమట్టిపై దారి వేసేది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారం ఉంది. అదే సంగారెడ్డి జిల్లాలో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ సైన్యానికి పట్టాలమీద నడిచే బీఎంపీ-2 శకటాలు చేస్తుంది. అవి నీళ్లలో ఈదేటప్పుడు కూడా ఆ పట్టాలే తెడ్లు. లింకన్‌లో ఒకే కప్పు కింద మొదలైన రెండు పనులూ మన జిల్లాలో ఇలా పక్కపక్కనే సాగుతున్నాయి. పట్టా పొలానికీ తిరిగొచ్చింది. వరికోతలప్పుడు మడి ఆరకపోతే రైతులు టైర్ల మిషన్ వద్దని, గంటకు ఎక్కువ కిరాయి ఇచ్చి మరీ చైన్ మిషన్ పిలిపించుకుంటున్నారు.